దేవుని బలం చూసి భయపడితే అది విశ్వాసమేనా? నిర్గమకాండం 14:31 మీద యూదు వ్యాఖ్యాతలు ఏమన్నారు?

మీరడిగింది క్లుప్తంగా ఇది. ఎర్ర సముద్రం దగ్గర ఇశ్రాయేలీయులు దేవుడు చేసిన గొప్ప కార్యం చూసి, ఆయనకు భయపడి, ఆయన్నీ మోషేనూ నమ్మారని నిర్గమకాండం 14:31లో ఉంది. ముందు బలం చూపించడం, ఆపైన భయం, ఆ తర్వాత నమ్మకం. ఇది బెదిరించి నమ్మించడం కాదా? ఈ గ్రంథం మొదట ఎవరిదో ఆ యూదులు దీన్ని ఎలా సమర్థించుకుంటారు? మీ యువజనుల తరగతిలో ఒక అమ్మాయి ఇదే అడిగితే జవాబు తోచలేదని కూడా రాశారు.

సూటిగా చెప్పేస్తాను. యూదు వ్యాఖ్యాతల్లో పెద్దవాళ్ళు దీన్ని సమర్థించుకోలేదు. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న వాళ్ళే ముందు అడిగారు. బలం చూసి పుట్టిన నమ్మకం నిలవదని వాళ్ళ లెక్క. "దేవుని భయం" అన్న మాటను కూడా పిడుగు చూసి వణకడం దగ్గర వదిలేయకుండా, ఎవరూ చూడని చోట మనిషి ఏం చేస్తాడన్న దగ్గరికి తీసుకొచ్చి నిలబెట్టారు. అందుకు కారణాలు, మినహాయింపులు, నాకు ఎదురైన సంగతులు కింద రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేను యూదుణ్ణి కాను. కోస్తాలో ఒక వేదాంత కళాశాలలో ఇరవై ఎనిమిదేళ్ళు హీబ్రూ, పాత నిబంధన చెప్పి రిటైరయ్యాను. మధ్యలో ఎనిమిది నెలలు యెరూషలేములో ఉండి, ఒక ముసలాయనతో జోడీగా కూర్చుని తల్మూదు (రబ్బీల, అంటే యూదు గురువుల, చర్చల సంపుటి) చదువుకునే అవకాశం దొరికింది. అక్కడ ఒంటరి చదువు తక్కువ. ఒకరు గట్టిగా చదువుతుంటే రెండోవారు అడ్డం పడుతుండాలి. అడ్డం పడకపోతే "నిద్రపోతున్నావా?" అనేవాడాయన. నేను చెప్పేవన్నీ ఆ బల్ల దగ్గర విన్నవీ, తర్వాత మా పిల్లల ముందు పెట్టి చూసినవీ.

ముందు ఆ వచనంలో అక్షరాలు చూద్దాం. హీబ్రూలో "చూశారు" అన్నది వయ్యర్, "భయపడ్డారు" అన్నది వయ్యీర్ఊ. ధాతువులు వేరే: చూపుకు రేష్, ఆలెఫ్, హే, భయానికి యోద్, రేష్, ఆలెఫ్. కానీ తోరా (మోషే ఐదు పుస్తకాలు) చుట్టల్లో అచ్చుల గుర్తులు ఉండవు. నేను మొదటి వారంలోనే ఆ చుక్కలు తీసేసి ఈ వచనాన్ని బోర్డు మీద రాసేవాణ్ణి. సగం మంది రెండో మాటను కూడా "చూశారు" అనే చదివేవారు. అదనంగా ఉన్న ఒక్క యోద్, హీబ్రూలో అన్నిటికంటే చిన్న అక్షరం, కంటికి ఆనదు. ఆ పొరపాటే నాకు పాఠం మొదలుపెట్టడానికి పనికొచ్చేది. ఇక్కడ భయమంటే చూపు కొసన ఉన్న సంగతి, కంటితో చూసినది లోపలికి దిగడం.

ఇంకొకటి. మన పాత తెలుగు బైబిల్లో "గొప్ప కార్యము" అని ఉన్నచోట హీబ్రూలో ఉన్నది "గొప్ప చెయ్యి". దేవుడికి చెయ్యేమిటన్న ఇబ్బంది అనువాదకులకు కొత్తగా వచ్చింది కాదు. ఫ్రాన్సులోని త్రోయ్ ఊరివాడు రాషీ (1040–1105) ఇక్కడ ఆగి, యాద్ అన్న మాటకు చాలా అర్థాలున్నాయి, అన్నీ అసలు చెయ్యి నుంచే వచ్చినవి, సందర్భాన్ని బట్టి సర్దుకోవాలి, ఇక్కడ ఆ చెయ్యి చూపిన బలం అని అర్థం అంటాడు. ఈ చెయ్యి సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ వస్తాను.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఆ వచనం తర్వాత ఏం జరిగింది? 15వ అధ్యాయంలో పాట పాడారు. పాట అయిపోగానే 15:22. మూడు రోజులు నడిచారు, నీళ్ళు దొరకలేదు, మారాలో దొరికినవి చేదు. వెంటనే మోషే మీద సణుగుడు. సముద్రం చీలడం కళ్ళారా చూసిన జనం, దాహం వేసేసరికి మూడు రోజులకు మించి ఆగలేదు. తల్మూదు కాలపు రబ్బీల వ్యాఖ్య మెఖిల్తాలో ఒక మాట ఉంది: సముద్రం దగ్గర ఒక దాసి చూసినది యెహెజ్కేలు ప్రవక్త కూడా చూడలేదట. అంత చూసి, మూడు రోజులు! కీర్తన 106లో కూడా ఇదే క్రమం. 12వ వచనంలో "నమ్మారు, పాడారు", 13వ వచనంలో "త్వరగా మరిచిపోయారు". మధ్యలో ఒక్క వచనం ఎడం కూడా లేదు.

దీన్ని అందరికంటే కఠినంగా చెప్పినవాడు రంబామ్, ఇంగ్లీషు పుస్తకాల్లో మైమోనిడీస్ (1138–1204), స్పెయిన్‌లో పుట్టి ఈజిప్టులో వైద్యుడిగా బతికిన మనిషి. ధర్మశాస్త్ర సంపుటిలో ఆయన రాసినది ఇది: ఇశ్రాయేలీయులు మోషేను నమ్మింది ఆయన చేసిన సూచక క్రియల వల్ల కాదు, అద్భుతం చూసి నమ్మినవాడి మనసులో ఎక్కడో ఒక లోటు ఉంటుంది, అది మంత్రమో మాయో అయి ఉండొచ్చు కదా అన్న అనుమానం. మరి సముద్రాన్ని ఎందుకు చీల్చినట్టు? ఐగుప్తీయుల్ని ముంచాల్సి వచ్చింది కాబట్టి చీల్చాడు. తిండి కావాల్సి వచ్చింది, మన్నా కురిసింది. ఏదీ ప్రదర్శన కాదు, అవసరం. ఆ పైన లాయరు పట్టినట్టు ఒక పాయింటు పట్టుకుంటాడు. సీనాయి కొండ దగ్గర, 19:9లో, దేవుడు మోషేతో, వాళ్ళు "నిన్ను ఎప్పటికీ నమ్ముతారు" అంటాడు. ఇప్పుడు "ఎప్పటికీ" అంటున్నాడంటే, అంతకుముందు ఉన్నది ఎప్పటికీ నిలిచే నమ్మకం కాదనేగా! అంటే రంబామ్ 14:31ని నేరుగా పక్కకు పెట్టేశాడు. "నమ్మారు, నిజమే, వెనకాల అనుమానం పెట్టుకుని నమ్మారు" అని.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు కాస్త చేదుగానే ఉంది. ఎందుకంటే అప్పటికి పదేళ్ళుగా నేను ఆ వచనాన్ని "చూశారు, భయపడ్డారు, నమ్మారు" అని మూడు మెట్లుగా, వేళ్ళు ముడిచి లెక్కపెడుతూ ప్రసంగం చేస్తున్నాను. జనానికీ బాగానే నచ్చేది.

సరే, సముద్రం కాదు, సీనాయి దగ్గర నమ్మారు అన్నాం. అక్కడ మాత్రం బెదిరింపు లేదా? ఉరుములు, మెరుపులు, పొగ, బూర శబ్దం. ఇక్కడే తల్మూదు ఒక పని చేసింది, దాన్ని చదివి నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. షబ్బాత్ అన్న భాగంలో 88వ ఆకు. 19:17లో జనం "కొండ దిగువన" నిలబడ్డారని ఉంది. హీబ్రూ మాటను అక్షరాలా తీసుకుంటే "కొండ కింద" అని. అయితే కొండ కిందే నిలబడ్డారంటాడు ఒక రబ్బీ. దేవుడు ఆ కొండను గంగాళం బోర్లించినట్టు వాళ్ళ నెత్తిమీద బోర్లించి, "తోరాను ఒప్పుకున్నారా, సరే. లేదా, మీ సమాధి ఇక్కడే" అన్నాడట.

ఇది ఎవరో విమర్శకుడు రాసింది కాదు. వాళ్ళ పవిత్ర గ్రంథంలో వాళ్ళ రబ్బీ చెప్పింది. వెంటనే ఇంకో రబ్బీ, అహా బర్ యాకోబ్, లేచి ఏమంటాడో చూడండి: "అలాగైతే తోరా మీద ఇది గట్టి అభ్యంతరమే!" ఆయన వాడిన మాట కోర్టు మాట. ఒక మనిషిని బెదిరించి పత్రం రాయించుకుంటే, ఆ పత్రం చెల్లదని చెప్పుకునే హక్కు అతనికి ఉంటుంది. ఆ హక్కుకు వాడే మాట అది. మన భాషలో చెప్పాలంటే, గొంతు మీద కత్తి పెట్టి వేలిముద్ర వేయించుకున్న కాగితం ఏ కోర్టులో నిలుస్తుంది? దేవుడితో ఒడంబడికకే ఆ సూత్రం పెట్టాడు. దాన్ని తల్మూదులోంచి ఎవరూ కొట్టెయ్యలేదు, వెయ్యిన్నర ఏళ్ళుగా పిల్లలు చదువుకుంటూనే ఉన్నారు.

జవాబు రవా అనే రబ్బీ ఇస్తాడు. అభ్యంతరం తప్పని అనడు. "అయినా అహష్వేరోషు రోజుల్లో మళ్ళీ ఒప్పుకున్నారు" అంటాడు. ఎస్తేరు 9:27లో యూదులు ఒక సంగతిని నిర్ణయించుకుని అంగీకరించారని ఉంది కదా, అది ఈ అంగీకారమే అంటాడు. ఎస్తేరు కథ ఎలాంటిదో మీకు తెలుసు. అందులో సముద్రం చీలదు, కొండ లేవదు, ఆకాశం నుంచి గొంతు వినబడదు. హీబ్రూ ఎస్తేరులో దేవుడి పేరే లేదు. పరాయి రాజు కింద, ఏ పక్క నుంచి ఎవరొస్తారో తెలియని స్థితిలో, మనుషులు ఉపవాసం ఉండి, ధైర్యం చేసి రాజు దగ్గరికి వెళ్ళిన కథ. చెల్లని పత్రం మీద అసలు సంతకం పడింది అక్కడ, బలం ఏదీ కనబడని చోట. మీ తరగతిలో ఆ అమ్మాయికి ఇదొక్కటి చెప్పినా చాలు.

జోడీగా చదివిన ఆ ముసలాయన్ని నేను అడిగాను, మరి మీరు రోజూ పొద్దున సముద్రం వచనమే ఎందుకు చదువుతారని. నిజంగానే రోజూ చదువుతారు. ఉదయం ప్రార్థనలో 14:30 నుంచి సముద్రపు పాట దాకా ఉంటుంది. "నీళ్ళు చీలిన సంగతి రోజూ గుర్తు చేసుకోకపోతే నాకూ మూడు రోజులే" అన్నాడు, పేజీ తిప్పుతూ.

ఇక భయం. మన తెలుగు అనువాదకులు ఒక చోట చాలా తెలివైన పని చేశారు. సామెతలు 1:7లో "యెహోవాయందు భయభక్తులు కలిగియుండుట తెలివికి మూలము" అన్నారు. హీబ్రూలో ఉన్నది ఒకటే మాట, యిర్ఆ. దానికి ఒట్టి "భయం" అంటే పులిని చూసి పారిపోవడం అనుకుంటారు, ఒట్టి "భక్తి" అంటే అందులో ఒదుగు పోతుంది. అందుకని జంటపదం వేశారు. మన ఇళ్ళలో "పెద్దలంటే భయభక్తులు" అనే మాట ఎప్పట్నుంచో ఉంది కాబట్టి అది అతికింది. ఈ ఒక్క విషయంలో ఇంగ్లీషు వాళ్ళకంటే మనమే నయం. కానీ 14:31లో మాత్రం "భయపడి" అనే ఉంచారు. మీ ఇబ్బంది సగం అక్కడే పుట్టింది.

ఈ యిర్ఆ అన్న మాట తోరాలో ఎక్కడెక్కడ పడిందో వెతికితే ఆశ్చర్యంగా ఉంటుంది. నిర్గమకాండంలో దేవునికి భయపడినవాళ్ళుగా మొదట కనిపించేది ఎవరు? 1:17లో మంత్రసానులు, షిఫ్రా, పూయా. మగపిల్లల్ని చంపమని ఫరో చెబితే వాళ్ళు చంపలేదు, "దేవునికి భయపడి". అప్పటికి ఏ అద్భుతం జరగలేదు, ఏ బలమూ కనబడలేదు. కనబడుతున్న బలమంతా ఫరోదే. ఆ బలం మాట వినకపోవడానికి పెట్టిన పేరు దేవుని భయం. ఆదికాండం 20:11లో అబ్రాహాము గెరారులో "ఈ చోట దేవుని భయం లేదు, నా భార్య కోసం నన్ను చంపేస్తారు" అనుకుంటాడు. అంటే ఊరూపేరూ తెలియని మనిషికి ఆ ఊళ్ళో ప్రాణభద్రత ఉందా లేదా అన్నదానికి కొలత అది.

లేవీయకాండం 19:14 చూడండి. చెవిటివాణ్ణి తిట్టొద్దు, గుడ్డివాడి ముందు అడ్డం పెట్టొద్దు, "నీ దేవునికి భయపడవలెను". ఈ చివరి ముక్క ఇక్కడెందుకు? రాషీ వివరణ నాకు ఎంత ఇష్టమంటే, ప్రతి బ్యాచ్‌కీ దీన్ని నాటకంలా వేయించేవాణ్ణి. గుడ్డివాడంటే కళ్ళు లేనివాడు మాత్రమే కాదు, ఆ వ్యవహారంలో ఏమీ తెలియనివాడు. అలాంటివాడికి చెడు సలహా ఇవ్వొద్దు. ఉదాహరణ: "నీ పొలం అమ్మేసి గాడిదను కొనుక్కో" అని హితవు చెప్పి, వెనక నుంచి ఆ పొలం నువ్వే కొట్టేయడం. నాటకంలో గాడిదను తీసేసి కారు పెట్టేవారు మా పిల్లలు. పొలం మాత్రం పొలమే, మార్చాల్సిన అవసరం రాలేదు. రాషీ అంటాడు: నువ్వు సలహా ఇచ్చింది మంచి మనసుతోనా, పొలం మీద కన్నేసా అన్నది లోకానికి తెలియదు. పట్టుబడితే "వాడి మేలు కోరే చెప్పాను" అని తప్పించుకోవచ్చు. సాక్షి లేడు, రుజువు లేదు. మనసుకే వదిలేసిన ఇలాంటి సంగతుల దగ్గరే తోరా "నీ దేవునికి భయపడు" అంటుంది.

అదే అధ్యాయంలో 32వ వచనం, తల నెరిసినవాడు వస్తే లేచి నిలబడు, దేవునికి భయపడు. చూడనట్టు కళ్ళు మూసుకుని కూర్చున్నావో, నిజంగానే చూడలేదో, ఎవరికి తెలుసు? బస్సులో కిటికీ వైపు తిరిగి నిద్ర నటించేవాళ్ళ గురించి అనుకోండి.

ఈ లెక్కన చూస్తే భయానికీ బలప్రదర్శనకీ లంకె తెగిపోయింది. బలం అందరి ముందూ కనబడుతుంది. ఈ భయం ఎవరూ లేని గదిలో పనిచేస్తుంది. రబ్బీ యోహానాన్ బెన్ జక్కాయ్ చనిపోయే ముందు శిష్యులు ఆశీర్వాదం అడిగారట (తల్మూదులో బెరాఖోత్, 28వ ఆకు). "మనుషులంటే మీకు ఎంత భయముందో దేవుడన్నా అంత భయం ఉండుగాక" అన్నాడు. శిష్యులు నిరుత్సాహపడ్డారు, అంతేనా అని. "అంత ఉన్నా చాలును! దొంగతనంగా తప్పు చేసేవాడు ఏమనుకుంటాడు? 'ఎవరూ చూడకుండా ఉంటే బాగుండు' అనుకుంటాడు" అన్నాడు. మరణశయ్య మీద కూడా ముసలాయన చమత్కారం పోలేదు.

మరి దేవుడే అంత బలవంతుడైతే ఈ భయం కూడా మనలో పెట్టేయొచ్చుగా? దీనికి రబ్బీ హనినా మాట ఒకటి ఉంది, యూదుల ఇళ్ళలో సామెతలా తిరిగే మాట: "అంతా ఆకాశం చేతిలోనే ఉంది, ఆకాశపు భయం ఒక్కటి తప్ప." ఆకాశమంటే దేవుడు, పేరు పలకకుండా అలా అంటారు. మనిషి పొడుగు, పొట్టి, కలిమి, లేమి, అన్నీ ఆయన చేతిలోవే. ఈ ఒక్కటి మాత్రం ఆయన ఇవ్వలేడు, మనిషి దగ్గర అడగాలి. ద్వితీయోపదేశకాండం 10:12లో అడుగుతున్నది అదే కదా అంటాడు. సర్వశక్తికి వాళ్ళు పెట్టిన ఎల్లగట్టు ఇది. బెదిరించి రాబట్టగలిగితే ఆ మాటకు అర్థమే ఉండదు.

దేవుని శక్తి గురించి కూడా ఒక సంగతి చెప్పాలి, ఇది నా తరగతిలో జరిగింది. ఒక విద్యార్థి, అప్పటికే చిన్న సంఘానికి కాపరి, మూడేళ్ళ కూతురు జ్వరంతో పోయింది. నెల తర్వాత కళాశాలకు తిరిగొచ్చాడు. ఉదయం ఆరాధనలో ప్రార్థన చేసే వంతు వచ్చినప్పుడు "సర్వశక్తిగల దేవా" అనే చోట ఆగి, "దేవా" అని మాత్రం అనేవాడు. ఎవరో గమనించి ఫిర్యాదు చేశారు. అతణ్ణి నా గదికి పంపించారు, బుద్ధి చెప్పమని.

నేను బుద్ధి చెప్పలేదు, తల్మూదులో యోమా అన్న భాగం 69వ ఆకు తెరిచాను. అందులో కథ ఇది. మోషే దేవుణ్ణి "గొప్పవాడు, బలవంతుడు, భయంకరుడు" అన్నాడు (ద్వితీయ 10:17). తర్వాత యిర్మీయా వచ్చాడు. "ఆయన ఆలయంలో పరాయివాళ్ళు కేకలు పెడుతున్నారు, ఇక ఆయనంటే భయమెక్కడ?" అని, "భయంకరుడు" అన్న మాట మింగేశాడు. యిర్మీయా 32:18 తీసి చూడండి, ఆ మాట ఉండదు. దానియేలు వచ్చాడు. "ఆయన పిల్లల్ని పరాయివాళ్ళు బానిసలుగా ఏలుతున్నారు, ఆయన బలమెక్కడ?" అని, "బలవంతుడు" తీసేశాడు. దానియేలు 9:4 చూడండి. చివరికి చెర నుంచి తిరిగొచ్చాక మహాసభ పెద్దలు మూడు మాటల్నీ తిరిగి పెట్టారు, నెహెమ్యా 9:32లో ఉన్నాయి. వాళ్ళు చెప్పిన కారణం: కోపం వచ్చినా దాన్ని అణచుకుని, దుర్మార్గుల విషయంలో కూడా ఓపిక పడుతున్నాడే, అదే ఆయన బలం. ఇన్ని జాతుల మధ్య ఈ ఒక్క చిన్న జాతి మిగిలిందంటే, అదే ఆయన భయంకరత్వం. బలమంటే కొట్టడం కాదు, చెయ్యెత్తి ఆపుకోవడం అన్నమాట. నేటికీ యూదులు రోజుకు మూడుసార్లు చేసే ప్రార్థనలో మొదట్లోనే ఆ మూడు మాటలూ ఉంటాయి.

ఆ విద్యార్థికి పనికొచ్చింది ఈ ముగింపు కాదు, దాని వెనక ప్రశ్న. తల్మూదు అడుగుతుంది: మోషే పెట్టిన మాటను యిర్మీయా, దానియేలు ఎలా తీసేశారు, అంత ధైర్యమా? రబ్బీ ఎలాజార్ జవాబు: దేవుడు సత్యవంతుడని వాళ్ళకు తెలుసు, అందుకని ఆయనకు అబద్ధం చెప్పలేదు.

అతను దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. నేను ఫిర్యాదు కాగితం మీద "మాట్లాడాను" అని రాసి పంపేశాను. ఆ ఏడాది చివరి దాకా అతను ఆ మాట అనలేదు. తర్వాత ఎప్పుడు మొదలుపెట్టాడో, అసలు పెట్టాడో లేదో నేను అడగలేదు.

సముద్రం దగ్గర మునిగిపోయినవాళ్ళ గురించి కూడా వాళ్ళకు పట్టింపు ఉంది. దేవదూతలు పాట ఎత్తుకోబోతే, "నా చేతులు చేసినవాళ్ళు నీళ్ళలో మునిగిపోతుంటే మీరు పాడతారా?" అని దేవుడు కసిరాడని తల్మూదులో మెగిల్లా అన్న భాగంలో ఉంది. పస్కా పండుగ చివరి రోజుల్లో స్తుతి కీర్తనలు పూర్తిగా కాకుండా సగమే పాడటానికి చాలామంది చెప్పే కారణం ఇదే.

ఇక ఎమునా, మనం విశ్వాసం అనే మాట. ఇది తలకు సంబంధించినదానికంటే ఎముకకు సంబంధించినది అనుకోండి. "ఆమేన్" కూడా ఆ ధాతువే. పసిబిడ్డను ఎత్తుకుని పెంచేవారిని కూడా ఆ ధాతువుతోనే పిలుస్తారు. రూతు 4:16లో నయోమి అలాంటిదే. గట్టిగా, జారిపోకుండా పట్టుకుని ఉండటం అసలు అర్థం. అందుకే హబక్కూకు 2:4లో "నీతిమంతుడు తన ఎమునా వల్ల బ్రతుకుతాడు" అంటే వాళ్ళకు ముందు వినిపించేది మాట మీద నిలబడే గుణం.

ఇప్పుడు ఆ చెయ్యి. 14వ అధ్యాయంలో దేవుని "గొప్ప చెయ్యి" కనబడింది, నమ్మారు, మూడు రోజులు. మూడు అధ్యాయాలు ముందుకు రండి, 17:12. అమాలేకీయులతో యుద్ధం. మోషే చేతులెత్తి ఉంచితే గెలుపు, దించితే ఓటమి. చేతులు బరువెక్కాయి. రాయి తెచ్చి కూర్చోబెట్టారు, అహరోను ఒక పక్క, హూరు ఒక పక్క పట్టుకున్నారు. అప్పుడు హీబ్రూలో ఏముందంటే, "అతని చేతులు పొద్దు కుంకేవరకు ఎమునా". మన తెలుగులోనూ అక్కడ నిలకడ అన్న అర్థమే ఇచ్చారు. ముసలి చేతులు, సొంత బలం అయిపోయిన చేతులు, ఇద్దరు పట్టుకుంటే నిలిచిన చేతులు. అద్భుతం చేసిన చేతికి ఆ పేరు రాలేదు, వీటికొచ్చింది. ఈ రెండు చేతుల్నీ పక్కపక్కన పెట్టడం నా సొంత చదువు, ఏ వ్యాఖ్యాతకీ అంటగట్టొద్దు. తల్మూదుకు మూలమైన మిష్నా అడిగింది వేరే ప్రశ్న: మోషే చేతులు యుద్ధం గెలిపిస్తాయా ఏమిటి? కాదు, వాటిని చూసి జనం పైకి చూసి, మనసులు పరలోకపు తండ్రికి ఒప్పగించారు, అందుకు గెలిచారు అని.

నమ్మకం అద్భుతం కంటే ముందే ఉండాలనే వాళ్ళకు సముద్రం దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. నహషోను కథ. నేను ముందు దిగను, నేను దిగను అని గోత్రాలు వాదించుకుంటుంటే, యూదా గోత్రపు నహషోను ఒక్కడే నీళ్ళలోకి దూకాడట, అవి ఇంకా చీలకముందే. అదే సమయంలో మోషే పొడుగాటి ప్రార్థనలో ఉంటే, "నావాళ్ళు మునిగిపోతున్నారు, నువ్వు ప్రార్థన సాగదీస్తున్నావా?" అన్నాడట దేవుడు. పక్కనే ఇంకో రబ్బీ మాట ఉంది: కాదు, అందరూ నేను ముందంటే నేను ముందని పోటీపడ్డారని. రెండూ ఒకే పేజీలో ఉంచేశారు.

కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను.

"యూదులు ఇలా అంటారు" అని ఒక్క గొంతుతో చెప్పకండి. శిక్ష భయాన్ని వాళ్ళు పూర్తిగా పారేయలేదు. దానికీ, దేవుని మహిమ ముందు చిన్నబోయే భయానికీ తేడా చూపించి, మొదటిది కింది మెట్టు, రెండోది పై మెట్టు అన్నారు. 1740లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన లుజ్జాత్తో అనే రబ్బీ నీతిగ్రంథంలో ఈ విభజన స్పష్టంగా ఉంటుంది. రంబామ్ కూడా చిన్నపిల్లవాణ్ణి చదువుకు కూర్చోబెట్టడానికి గింజలో, అత్తిపండ్లో, కాస్త తేనో ఇస్తామని ఆశ పెట్టడంలో తప్పు లేదంటాడు. పెరిగాక కూడా తేనె కోసమే చదివితే సిగ్గుచేటంటాడు. భయంతో మొదలుపెట్టాల్సినవాళ్ళ జాబితాలో పిల్లలతోపాటు ఆడవాళ్ళని కూడా కలిపేశాడు. 12వ శతాబ్దపు మనిషి, మీ తరగతిలో అమ్మాయిలు దాన్ని వదలరు, ముందే సిద్ధంగా ఉండండి.

రంబామ్, రంబాన్ ఇద్దరు వేరు. రంబాన్ (1194–1270) స్పెయిన్‌లోని జిరోనావాడు. నా విద్యార్థులు పరీక్షల్లో ఇద్దర్నీ కలిపి ఒకణ్ణి చేసేసేవారు. ఆదికాండం 15:6 దగ్గర ఈ రంబాన్ మాట వింటే మనవాళ్ళు ఉలిక్కిపడతారు. "అది నీతిగా ఎంచెను" అన్నచోట ఎంచింది ఎవరు? రాషీ దేవుడంటాడు, మనమూ అదే అంటాం. రంబాన్ మాత్రం ఎంచింది అబ్రాహామే అంటాడు, దేవుని వాగ్దానాన్ని ఆయన నీతి అని అబ్రాహాము ఎంచాడని. హీబ్రూ వ్యాకరణం రెంటికీ ఒప్పుకుంటుంది. పౌలు రాసిన రోమా పత్రిక 4వ అధ్యాయం మీద పెరిగిన తరగతిలో దీన్ని మొదటి రోజే దించొద్దు. నేను ఒకసారి దించాను, ఆ పీరియడ్ మొత్తం పోయింది.

ఈ వ్యాఖ్యల్ని మన ప్రసంగాలకు మసాలాగా వాడుకుని వదిలేయడం కూడా బాగుండదు. ఇవి బతికున్న మనుషుల ప్రార్థన పుస్తకాలు. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ అనే యూదు సముదాయంవాళ్ళకు సినగాగు (యూదుల ప్రార్థనాలయం) ఉంది, కాబట్టి ఇది మరీ దూరదేశపు ముచ్చట కూడా కాదు.

ఆదివారం తరగతికి నా సలహా ఒక్కటే. 14:31 దగ్గర పుస్తకం మూయకండి. పాట చదవండి, ఆపకుండా 15:24 దాకా వెళ్ళి, అక్కడ పుస్తకం ఆ అమ్మాయి చేతికిచ్చి, 17:12 దాకా తననే గట్టిగా చదవమనండి. మధ్యలో ఎవరైనా అడ్డం పడితే పడనివ్వండి.